ఒకే భాష గనక దారిచ్చారు

ఆ మొద్దు కొంచెం లోపలికి తొయ్యి బావూ, పొగ ఇటే వస్తోంది. చిలగడదుంపలు ఇంకా కాలలేదు, అప్పుడే పైకి లాగకు. పుష్యమాసంలో బోరిగుమ్మ చలంటే ఇంతే. విశాఖపట్నంలో ఫ్యాను వేసుకుని పడుకునే మీకు మొదటి రెండు రాత్రులూ కష్టంగానే ఉంటుంది. కంబళి కప్పుకోండి. అమ్మలూ, ఆ ఫోను లోపల పెట్టి ఇలా నా పక్కకి రా. మధ్యాహ్నం నువ్వడిగినదానికి ఇప్పుడు చెప్తాను. అది ఒక్క మాటతో అయ్యేది కాదు, అందుకే భోజనాలయ్యేదాకా ఆగమన్నాను.

మిగతావాళ్లకి తెలీదు కదా, ఇది నాకు చీనా సీరియల్ ఒకటి చూపించింది. కింద అక్షరాలు చదువుకుంటూ చూస్తోంది. వేళ్లకి పొడుగాటి బంగారు గోళ్లు తొడుక్కున్న రాణులు, ఎర్రగోడల కోట. అందులోకి ఒక పిల్ల పనిమనిషిగా వెళ్తుంది. తన అక్కని పొట్టనపెట్టుకున్నవాళ్ల మీద పగ తీర్చుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, చక్రవర్తికే రాణి అయిపోతుంది. అంతా చూసి ఇది నన్నడిగింది, "తాతా, ఇది నిజంగా జరిగిందా?" అని. ముప్ఫై ఏళ్ల పైన పిల్లలకి చరిత్ర పాఠం చెప్పాను నేను. అంత మంచి ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

చక్రవర్తి నిజం. చియెన్‌లుంగ్ అని, 1735 నుంచి 1796 దాకా అరవై ఏళ్లు చీనాని ఏలినవాడు. ఆ పిల్ల కూడా నిజమే. వెయ్ అనే ఇంటి ఆడపడుచు, 1727లో పుట్టింది. చక్రవర్తి ఇంటి చాకిరీకి తరతరాలుగా కట్టుబడి ఉండే కుటుంబాలు ఉండేవి, అలాంటి ఇంటి పిల్ల. 1745 నాటికి ఆమె పేరు రాణుల పట్టీలో ఉంది. ఆరుగురు పిల్లల్ని కన్నది. 1775లో పోయింది. పోయిన ఇరవై ఏళ్లకి, 1795లో, ఆమె కొడుకే సింహాసనానికి వారసుడని చాటినప్పుడు ఆమెకి పట్టమహిషి బిరుదు ఇచ్చారు. రాతల్లో ఉన్నది ఇంతే. అక్క చావు, పగ, ఎత్తుకి పై ఎత్తు, అవన్నీ సీరియల్ రాసినవాళ్లు అల్లినవి.

అల్లడం తప్పని నేననను. కానీ చూడు, ఆ సీరియల్ నిండా విషం గిన్నెలూ కుట్రలే కదా. నిజంగా ఆ కోటలో పిల్లల్ని ఎత్తుకుపోయిన దొంగ ఎవరో తెలుసా? మశూచి. అంతకు ముందున్న పట్టపురాణి కొడుకు, రెండేళ్లు నిండనివాడు, 1748 మొదట్లో మశూచితోనే పోయాడు. కొడుకు పోయిన కొన్ని నెలలకే ఆ తల్లీ పోయింది. మీ సీరియల్‌లో ఆ పసివాణ్ని అగ్నిప్రమాదంలో చంపారు, దాని వెనక ఒక కుట్ర పెట్టారు. ఎందుకంటే మశూచి మీద పగ తీర్చుకోవడానికి లేదు. పగ తీర్చుకోవడానికి ఒక మనిషి కావాలి. కథకి మనిషి కావాలి గనక మనిషిని తయారుచేస్తారు. ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఆ వెయ్ ఇంటామెకి మొదటి కొడుకు 1757లో పుట్టాడు. వాడూ మూడేళ్లకే పోయాడు. అదే 1757లో ఆమె భర్త ఇంకో పని చేశాడు. పడమటి దేశాల ఓడలన్నీ ఇకమీదట కాంటన్ రేవు ఒక్కదాంట్లోనే ఆగాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ రేవు దగ్గర తెల్లవాళ్లని ఆపిన ఏడే, ఇటు మన కిందనున్న దేశంలో తెల్లవాడి ఫిరంగి ఒక మట్టికోట ముందు నిలబడింది. 1757 జనవరి 24. ఎక్కడో చెప్పు బావూ. అవును, బొబ్బిలి.

మీరు ఫోనులో చీనా చూసినట్టే నేను తెర మీద బొబ్బిలి చూశాను. 1964లో వచ్చింది బొబ్బిలి యుద్ధం సినిమా. జయపురం టాకీసుకి వచ్చేసరికి మరికొంత కాలం పట్టింది. నాకప్పుడు పన్నెండో పదమూడో. మా నాన్న దుకాణానికి సాలూరు నుంచి సరుకు తెచ్చే లారీ ఒకటి ఉండేది, ఇంటిల్లిపాదీ దాని మీదెక్కి వెళ్లాం. బొబ్బిలి రాజు రంగారావుగా రామారావు, రాణి మల్లమ్మదేవిగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్వీ రంగారావు. ఎస్వీఆర్ నడిచొస్తుంటే తెర చాల్లేదనిపించింది నాకు. బయటికొచ్చాక ఆ చలిలో కూడా ఒళ్లు వేడెక్కిపోయింది. తర్వాత నెల రోజులు ఈ వీధిలో గుంటలందరం వెదురు కత్తులతో బొబ్బిలి యుద్ధమే ఆడాం. దేశియా పిల్లలు, ఒడియా పిల్లలు, తెలుగు పిల్లలు, అందరం పాపారాయుళ్లమే. అవతలి పక్క విజయనగరం రాజు విజయరామరాజు వేషం కట్టడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. చివరికి ఆ వేషం మా పెరట్లో అరటిబోదెకి ఇచ్చాం.

అది చూసి మా నానమ్మ ఏడ్చింది.

ఆవిడ పుట్టిల్లు విజయనగరం పక్క పల్లె. వాళ్ల తండ్రీ తాతా విజయనగరం సంస్థానం భూముల్లో రైతులు. సినిమా చూసి వస్తున్నప్పుడు లారీలో ఒక్క ముక్క మాట్లాడలేదు. అందులో రాజనాల వేసిన విజయరామరాజు ఆవిడకి సినిమా రాజు కాదు, వాళ్ల ఊరి రాజు. "మా రాజుగారిని రాక్షసుణ్ని చేసీసారేటి" అంది ఇంటికొచ్చాక. మా నాన్న నవ్వి, సినిమా కదమ్మా అన్నాడు. అప్పుడావిడ ఒక మాట అంది, నాకు అప్పట్లో అర్థం కాలేదు. "సరే, మరి పద్మనాభం సినిమా ఎప్పుడు తీస్తారు?" అంది. పద్మనాభం అంటే హాస్యనటుడు పద్మనాభం అనుకున్నాన్నేను.

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. జయపురం విక్రమదేవ్ కాలేజీలో చదివి, పై చదువుకి విశాఖపట్నం వెళ్లాను. మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఒడియాలో, తెలుగులో, సంస్కృతంలో పండితుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన కొరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోదే. కాబట్టి అక్కడికి వెళ్తుంటే పరాయి చోటికి వెళ్తున్నట్టు నాకనిపించలేదు. అక్కడే ఒకరోజు రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషువాడు రాసిన పాత చరిత్ర చదివాను. ఆయన బొబ్బిలి యుద్ధం నాటికి మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. కళ్లారా చూసినవాడు కాదు, ఆ రోజుల్లోనే విని రాసినవాడు. తెల్లవాడు కాబట్టి అబద్ధం రాశాడనీ అనుకోకండి, రాత కాబట్టి అంతా నిజమనీ అనుకోకండి. చదివి, జంగాలు పాడే బొబ్బిలి పాట పక్కన పెట్టి చూసుకోవాలి.

అందులో గొడవకి మొదలు ఏం రాశాడో తెలుసా? నీళ్లు. గెడ్డ నీళ్లు. బొబ్బిలి నేల మీదుగా విజయనగరం పొలాల్లోకి పారే గెడ్డల్ని బొబ్బిలివాళ్లు మళ్లించుకునేవారట. సరిహద్దు దాటి దోపిళ్లు చేసేవాళ్లకి బొబ్బిలి అండ ఉండేదనీ రాశాడు. నాకు ఆ పేజీ దగ్గర మా నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ రైతుబిడ్డ. పై పొలంవాడు కట్ట వేస్తే కింద పొలంవాడి ఇంట్లో ఏమవుతుందో ఆవిడకి తెలుసు. మన ఊళ్లోనే చూడండి, జోలాలో వరి నాటినప్పుడు పైమడివాడికీ కిందమడివాడికీ ఎన్ని తగాదాలు! జోలా అంటే కొండల మధ్య పల్లపు మడులమ్మా. అక్కడ రాత్రి నీళ్లు తిప్పుకున్నాడని తల పగలగొట్టుకున్న అన్నదమ్ములున్నారు. రాజుల మధ్య తగాదా కూడా అక్కడే పుట్టింది. పాటలో, నాటకంలో, సినిమాలో మాత్రం ఆ గెడ్డ ఇంకిపోయి, పౌరుషం ఒక్కటే మిగిలింది.

ఫ్రెంచివాళ్ల సేనాని బుస్సీ ఉత్తర సర్కారులకి వచ్చినప్పుడు విజయరామరాజు అతనికి దగ్గరయ్యాడు. బొబ్బిలిని అక్కడి నుంచి లేపెయ్యాలని పట్టుబట్టాడు. బుస్సీ వెంటనే ఫిరంగులు తేలేదు. నీ ఊరు వదిలెయ్యి, వేరేచోట ఇంతకంటే పెద్ద భూమి, మంచి భూమి ఇస్తానని రంగారావుకి కబురు చేశాడు. పుట్టిన నేలకి బదులు ఇంకో నేల! రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. కొన్నాళ్లకి బుస్సీ సిపాయిల దళం ఒకటి బొబ్బిలి అడవి మీదుగా వెళ్తుంటే దాని మీద దాడి జరిగి ముప్ఫై మంది చచ్చిపోయారు. ఇక బుస్సీకి ఆగడానికి కారణం లేకపోయింది.

కోట అంటే మీరు రాతికోట అనుకోకండి. మట్టికోట. చుట్టూ ముళ్లకంప అడవి. ఆ కాలంలో దొరల కోటలు చాలా వరకు అంతే. బురుజులకి ఫిరంగి గుళ్లతో కన్నాలు పెట్టడం సులువే, లోపలికి వెళ్లడమే కష్టం. తెల్లవారుతూనే మొదలైన పోరు మధ్యాహ్నం దాకా సాగింది. కన్నం దగ్గర ఒకడు పడితే వాడి చోట ఇంకొకడు నిలబడ్డాడు. ఒక్కడూ చెయ్యెత్తి లొంగలేదు. ఈ విషయంలో మన పాటా నిజమే, ఆర్మ్ రాసిందీ నిజమే, సినిమా చూపించిందీ నిజమే. నేను బొబ్బిలివాళ్లని ఒక్క రవ్వ తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లంత తెగువ అరుదు.

కానీ ఆ రోజు కోటలో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు.

ఇక ఓడిపోవడం ఖాయమని తెలిశాక రంగారావు తనవాళ్లని పిలిచి, మన ఆడవాళ్లు శత్రువు చేతిలో పడకూడదని చెప్పాడు. మగవాళ్లు ఇళ్లకి వెళ్లారు. ఇళ్లకి నిప్పంటించారు. తప్పించుకు రాబోయినవాళ్లని తమ చేతులతోనే పొడిచారు. పని ముగించుకుని మళ్లీ గోడ మీదికి వచ్చి చచ్చిపోయారు. సినిమాలో మల్లమ్మదేవి తన చావు తానే ఎంచుకుంటుంది, భానుమతి ముఖంలో ఎంతో నిబ్బరం ఉంటుంది. టాకీసులో ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకున్నారు. కానీ అంతమంది ఆడవాళ్లలో ఎంతమందిని అడిగారు? కాళ్లకి అడ్డంపడే మూడేళ్ల పిల్లని అడిగారా? ఈ నెగడు ముందు కూర్చుని చెప్తున్నాను, ఆ పేజీ చదివిన రోజు హాస్టల్లో నాకు అన్నం దిగలేదు. మానం, పరువు అని పాట ఎంత గొప్పగా చెప్పినా, ఆ మంటలో నుంచి పరిగెత్తబోయిన మనిషి ఒకరుంటారు కదా. ఆ మనిషి పేరు పాటలోనూ లేదు, పుస్తకంలోనూ లేదు. అమ్మలూ, నీ చీనా అంతఃపురంలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. 1765లో అక్కడి పట్టపురాణి తన జుట్టు తానే కత్తిరించుకుంది. వాళ్ల ఆచారంలో అది పెద్దవాళ్లు పోయినప్పుడు చేసే పని. మరుసటి ఏడే ఆమె పోయింది. జుట్టు కత్తిరించుకుందని రాశారు. ఆమె ఏమందో రాయలేదు. సీరియల్‌వాళ్లు ఆమె నోట బోలెడన్ని మాటలు పెట్టారు.

ఒక పిల్లవాడు మాత్రం బతికాడు. రంగారావు కొడుకు, పసివాడు. ఒక ముసలి గురువు వాణ్ని ఆ మంటల్లోంచి ఎత్తుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారి చేతికి ఇచ్చాడు. బుస్సీ ఆ పిల్లవాడికి ఏమిచ్చాడో వినండి. తండ్రి వద్దన్న ఆ బదులు భూమే కొడుక్కి ఇచ్చాడు.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. బావూ, నిద్రపోకు. తాండ్ర పాపారాయుడి ఘట్టం. మన పాటలో, సినిమాలో పాపారాయుడు ఒక్కడే పగబట్టి, విజయరామరాజు గుడారంలో దూరి గుండె మీద కూర్చుంటాడు. 1986లో కృష్ణంరాజుతో దాసరి నారాయణరావు తీసిన తాండ్ర పాపారాయుడు సినిమా పేరే ఆయన పేరు. ఆర్మ్ పుస్తకంలో మాత్రం నలుగురు. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు కోటలో ఎవరూ పోని మూల దాక్కున్నారు. చీకటి పడ్డాక గోడ దిగారు. ఎదురుగా విజయరామరాజు విడిది. వేలమంది సైన్యం. ఆ సైన్యం మధ్యలోంచే నడుచుకుంటూ వెళ్లారు. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకు రాలేదో ఆర్మ్ ఒక్క ముక్కలో రాశాడు. వాళ్లూ వీళ్లూ మాట్లాడేది ఒకే భాష గనక.

నాకు ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసెయ్యాలనిపించింది. ఫ్రెంచి తుపాకులు చూస్తున్నాం, గోడకి కన్నాలు చూస్తున్నాం, కాని ఆ రోజు పొద్దుటి నుంచీ ఇటూ అటూ చచ్చినవాళ్లలో ఎక్కువమంది అమ్మా అని తెలుగులోనే అరిచి ఉంటారు. ఆ నలుగురూ పొదల్లో రెండు పగళ్లు, రెండు రాత్రులు నక్కి ఉన్నారు. మూడో రాత్రి ఇద్దరు పొట్టల మీద పాకి గుడారం వెనక కనాతు కిందుగా దూరి విజయరామరాజుని పొడిచారు. ముప్ఫై రెండు పోట్లు. కావలివాళ్లు వాళ్లనీ అక్కడే నరికేశారు. ఈ ఇద్దరి పని తప్పితే చెయ్యడానికి మిగతా ఇద్దరు అడవిలో ఆగి ఉన్నారు.

నలుగుర్ని కలిపి ఒక్క పాపారాయుణ్ని చెయ్యడం పాట పని. అది నాకు కోపం తెప్పించదు. జంగాలు ఊరూరా తిరిగి రాత్రంతా చెప్పేటప్పుడు జనానికి ఒక్క ముఖం కావాలి. షేక్ నాజర్ బుర్రకథలో బొబ్బిలి కథ విన్నవాళ్లు జన్మలో మర్చిపోలేదు. వేదం వెంకటరాయశాస్త్రి అంతటివారు నాటకం రాశారు. వీళ్లంతా లేకపోతే బొబ్బిలి కూడా మన జయపురం కోట లాగా ఎవరికీ పట్టనిదై పోయేది. నాకు బాధ కలిగేది అవతలి ముఖం విషయంలోనే. మశూచికి బదులు కుట్రదారుణ్ని పెట్టినట్టే, గెడ్డ నీళ్లకి బదులు ఒక రాక్షసుణ్ని పెట్టారు. విజయరామరాజు చేసింది తప్పే. పొరుగువాణ్ని సాధించడానికి పరదేశి ఫిరంగిని ఇంటికి తెచ్చినవాడు తప్పు చేసినవాడే. కాని తప్పు చేసిన మనిషి వేరు, రాక్షసుడు వేరు. తప్పు చేసిన మనిషిని చూస్తే మనం ఏం చేసేవాళ్లమో అని భయం వేస్తుంది. రాక్షసుణ్ని చూస్తే ఈల వేస్తాం.

ఆ మూడో రాత్రి తర్వాత కథ సినిమాలో లేదు. ఉంటే మా నానమ్మ అడిగినది తెలిసేది. విజయరామరాజు పోయాక ఆనంద గజపతిరాజు గద్దెనెక్కాడు. అతనికి బుస్సీ మీద కోపం. 1758లో బుస్సీని ఫ్రెంచివాళ్లే దక్షిణానికి పిలిపించుకున్నారు. అదను చూసి ఆనందరాజు విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్లని పట్టుకుని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డుని పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఆ తర్వాత పదేళ్లు గడవకుండానే ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోకి వెళ్లిపోయాయి. గెడ్డ దగ్గర మొదలైన తగాదా ఎంత దూరం పారిందో చూశారా.

ఆనందరాజు తర్వాత వచ్చినవాడు చిన విజయరామరాజు. కంపెనీకి అతను కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, బకాయి పడింది. రాజ్యం వదిలి మచిలీపట్నం వెళ్లి కూర్చోమన్నారు. ఆయన వెళ్లలేదు. తనవాళ్లతో పద్మనాభం చేరాడు. విజయనగరానికీ భీమిలికీ మధ్య, కొండ మీద గుడి ఉన్న ఊరు. 1794 జూలై 10న కంపెనీ సైన్యం వచ్చింది. గంట కూడా పట్టలేదు. రాజూ, ఆయన చుట్టూ నిలబడిన దొరలూ అక్కడే పడిపోయారు. పుట్టిన నేల వదలమంటే వదలనన్నాడు రంగారావు 1757లో. అదే మాట అని, అలాగే చచ్చిపోయాడు విజయనగరం రాజు 1794లో. మా నానమ్మ అడిగిన పద్మనాభం అది. నాకు తెలిసేసరికి ఆవిడ లేదు. తెలిసిందమ్మా అని చెప్పుకోవడానికి ఆవిడ లేకపోయింది.

ఇంకొకటి కూడా ఆ 1794లోనే జరిగింది. మంటల్లోంచి బతికి బయటపడ్డ ఆ పసివాడు, చిన రంగారావు, అప్పటికి నలభై దాటుతున్నాడు. విజయనగరం పడిపోవడంతో అతని తండ్రి నేల అతనికి తిరిగొచ్చింది. మన జయపురం కూడా విజయనగరం కింద నుంచి విడిపోయి కంపెనీ దగ్గర నేరుగా సనదు తెచ్చుకుంది. 1803లో దాని పేష్కషు ఏడాదికి పదహారు వేల రూపాయలని కట్టారు. అంటే ఇప్పుడు మనం కూర్చున్న ఈ నేల లెక్క కూడా పద్మనాభంలోనే మారింది. ఆ ఊరు వెళ్లి చూశాను నేను. చింతచెట్లు, గుడిమెట్లు. టిక్కెట్టు కొనుక్కుని చూడాల్సినంత కథ అక్కడ ఉంది, చెప్పేవాళ్లే తక్కువ.

చీనాలో ఒక ఆచారం ఉండేది. ఒక రాజవంశం పడిపోతే దాని చరిత్రని తర్వాత వచ్చిన వంశం రాయించేది. మింగ్ వంశం చరిత్ర 1739లో పూర్తయింది, మీ సీరియల్ చక్రవర్తి కాలంలోనే. అంటే గెలిచినవాడు ఓడినవాడి కథ రాసేవాడు. బొబ్బిలిలో తిరగబడింది. కోట కూలినవాళ్ల పాట జంగాల నోట బతికింది. గెలిచినవాళ్లు ఆ పాటలో దుర్మార్గులైపోయారు. ఓడినవాడి పాట బతకడం నాకు సంతోషమే. కానీ అదీ ఒక పక్క నుంచి చెప్పిందే.

ఏంట్రా, ట్రిపులార్ గురించా? అది తీసినవాళ్లే కల్పన అని ముందే చెప్పారు, కాబట్టి దాంతో నాకు పేచీ లేదు. అల్లూరి 1924 మే 7న కొయ్యూరు దగ్గర చనిపోయాడు. కొమురం భీము పోరు 1940లో జోడేఘాట్‌లో ముగిసింది. ఇద్దరూ కలుసుకోలేదు. కలుసుకుంటే బాగుండేదని మనకి అనిపిస్తుంది చూశావూ, ఆ ఆశని తెర మీద వేశారు. 1974లో కృష్ణ సినిమాలో అల్లూరికి సీత అనే ప్రేయసిని పెట్టినప్పుడే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఒక సన్యాసి కొండవాళ్ల కూలి కోసం, అడవి కోసం తిరగబడ్డాడంటే చాలదా? కొండవాళ్ల చేత రోడ్డు పని చేయించి కూలి ఎగ్గొట్టిన కథ ఆ కొండల్లో కన్నీళ్లతో ఉంది.

మరి మన కథ? ఈ ఊరి రోడ్డెంట ఉత్తరానికి వెళ్తే నవరంగపూర్ దాటాక పాపడాహండి. 1942 ఆగస్టు 24న అక్కడ తూరి నది వంతెన దగ్గర జనం గుమిగూడితే పోలీసులు కాల్పులు జరిపారు. పందొమ్మిది మంది చనిపోయారు. వానాకాలం, నది నిండుగా ఉంది. తుపాకికి భయపడి నీళ్లలో దూకినవాళ్లు ఉన్నారు. మా నాన్న అప్పటికి పెళ్లికాని కుర్రాడు. కబురు వచ్చిన రోజున దుకాణం తలుపులు వేసుకుని లోపల కూర్చున్నామని చెప్పేవాడు. అందులో గొప్ప చెప్పుకోవడం ఉండేది కాదు. "బయటికి రావాల్సింది, రాలేదు" అనేవాడు, అంతే. ఆ తలుపు కూడా చరిత్రే. సినిమా తీస్తే అందులో ఆ తలుపు ఉండదు.

దానికి మూడు రోజుల ముందు, ఆగస్టు 21న, మత్తిలి పోలీసు స్టేషను దగ్గర. తెంతులిగుమ్మ నాయకుడు లక్ష్మణ నాయక్ గాంధీగారి మాట విని జనాన్ని తీసుకుని వెళ్లాడు. అక్కడా కాల్పులు. ఆ గలాటాలో రామయ్య అనే ఫారెస్టు గార్డు చనిపోయాడు. ఆ హత్య లక్ష్మణ నాయక్ మీద మోపి 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. తాను చెయ్యని పనికి ఉరికంబమెక్కాడని ఈ కొండల్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు. నేనూ నమ్ముతాను. ప్రతి ఏడూ పిల్లలకి ఆ పాఠం చెప్పేటప్పుడు ఒక్కటి మాత్రం అదనంగా చెప్పేవాణ్ని. రామయ్యకీ ఒక ఇల్లు ఉండి ఉంటుంది, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరో ఎదురుచూసి ఉంటారని. ఎవరి ఉద్యోగం చేసినా మనిషి మనిషే. దేశియా పిల్లలు, తెలుగు పిల్లలు పక్కపక్కన కూర్చునే క్లాసులో ఆ మాట చెప్పకుండా పాఠం ముగించడం నా వల్ల అయ్యేది కాదు.

దుంపలు కాలాయి, పుల్లతో ఇటు దొర్లించు. ముందు చెల్లికివ్వు. పొట్టు చేతికి అంటుకుంటుంది, ఊదుకుని ఒలుచుకో.

ఏంటమ్మలూ? ఆ నలుగురూ విడిదిలోంచి వెళ్తున్నప్పుడు కావలివాడు అడిగితే ఏం చెప్పి ఉంటారనా? ఆర్మ్ రాయలేదమ్మా. పాటలోనూ లేదు. నేను చాలా రాత్రులు ఆలోచించాను. జనవరి చలి కదా, కావలివాళ్లు కూడా ఇలాగే నెగడు వేసుకుని చుట్టూ కూర్చుని ఉంటారు. చీకట్లో అడుగుల చప్పుడు విని "ఎవుర్రా అది?" అని ఉంటాడు ఒకడు. వీళ్లు ఆగకుండా "మనోళ్లమే" అని ఉంటారు.